ఆకుపచ్చ కాగితం, రెండు పేర్ల నెలలు

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగిసిన కాసేపటికి వ్యాను వచ్చేది. డ్రైవరు కిందికి దిగేవాడు కాదు. పక్క తలుపు జరిపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించిన కట్టలను మెట్ల మీద పడేసి, నిన్నటి మిగులు అందుకుని వెళ్లిపోయేవాడు. అమ్ముడుపోని కాపీలను అక్కడ ముర్తజఅ అంటారు. పట్టీ చాకుతో కోసి, ఏ పత్రిక ఎన్ని వచ్చాయో, నిన్నటివి ఎన్ని వెనక్కి వెళ్లాయో చీటీ మీద రాయడం నా పని. జెడ్డాలో నేను నేర్చుకున్న మొదటి అరబిక్ మాటల్లో ముర్తజఅ ఒకటి.

1996లో జెడ్డా వచ్చి షరఫియాలోని ఒక బఖాలాలో కుదిరాను. పాలు, రొట్టె, సిగరెట్లు, ఫోను కార్డులు, తలుపు పక్కన ఇనుప స్టాండులో పత్రికలు. ఉకాజ్, అల్ బిలాద్, అల్ మదీనా, ఆంగ్లంలో వచ్చే అరబ్ న్యూస్. అరబిక్‌వి అన్నీ తెల్ల కాగితాలే. వాటి మధ్య ఒక్కటే పత్రిక పైపుట ఆకుపచ్చగా ఉండేది. అక్షరం ముక్క రాని రోజుల్లో కూడా దాన్ని పొరపాటు లేకుండా తీసి ఇచ్చేవాణ్ని. మా దగ్గర కొనేవాళ్లు కొందరు పేరు కూడా చెప్పకుండా "అల్ ఖద్రా" అనేవారు. పచ్చది అని అర్థం. దాని అసలు పేరు అష్‌షర్ఖ్ అల్ అవ్‌సత్, అంటే మధ్యప్రాచ్యం. పేరు కింద 'అరబ్బుల అంతర్జాతీయ పత్రిక' అని ఉంటుంది.

ఆ పత్రిక నా జీవితంలో ఒక చదువు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా దుకాణానికి రోజూ ఒక పెద్దాయన వచ్చేవారు. సూడాన్ దేశస్థులు, పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. పత్రిక తీసుకుని, లోపల స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి గానీ లేచేవారు కాదు. ఒకరోజు నేను ముర్తజఅ కట్టలోంచి ఒక పాత కాపీ తీసి నేలమీద పరిచి, దాని మీద అన్నం గిన్నె పెట్టుకోబోయాను. ఆయన చటాలున లేచి కాగితం తీసేశారు. కోప్పడలేదు. "యా ఇబ్నీ, ఇందులో ప్రతి పుటలోనూ ఎవరో ఒక అబ్దుల్లా పేరు ఉంటుంది. ఆ పేరులో దేవుడి పేరు ఉంది. దీన్ని నేలమీద పెట్టకూడదు" అన్నారు. ఆ తర్వాత కాసేపు నా ముఖం చూసి, "అసలు నీకు ఇందులో ఏముందో తెలియాలి" అన్నారు. చదువు అక్కడ మొదలైంది.

మొదటి పాఠం పత్రిక పేరే. అరబిక్‌లో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. కొన్ని మాత్రం తర్వాతి అక్షరానికి చెయ్యి ఇవ్వవు. షర్ఖ్ అన్న మాటలో షీన్ మీద మూడు చుక్కలు, అది పక్కనున్న రే అక్షరానికి చెయ్యి ఇస్తుంది. రే మాత్రం ఎవరికీ చెయ్యి ఇవ్వదు. అందుకే చివరి ఖాఫ్ తన రెండు చుక్కలతో ఒంటరిగా నిలబడుతుంది. అవ్‌సత్‌లో వావ్ కూడా అంతే. పెద్ద అక్షరాల్లో రాసిన ఆ పేరు మీద వేలు పెట్టి, ఎక్కడ అతుకు ఉందో, ఎక్కడ తెగిందో చూడమనేవారు. వారం రోజులు ఆ రెండు మాటలే. ఎనిమిదో రోజున పక్కనున్న ఉకాజ్‌లో అదే షీన్ కనిపించింది. గుర్తుపట్టగలిగాను. ఆ సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది.

రెండో కష్టం ఇంకా పెద్దది. పత్రికల్లో హ్రస్వ అచ్చుల గుర్తులు పెట్టరు. ఖాఫ్, తే, లామ్ అని మూడు అక్షరాలు పక్కపక్కన ఉంటే అది ఖతల కావచ్చు, ఖుతిల కావచ్చు. మొదటిది చంపాడు, రెండోది చంపబడ్డాడు. నేను ఒక వార్తలో చనిపోయిన మనిషినే హంతకుణ్ని చేసి చదివాను. ఉస్తాద్ పుస్తకం మూసినట్టుగా పత్రిక మడిచి, "వాక్యం మొత్తం చూడకుండా ఎవరి మీదా నేరం వేయకు" అన్నారు. శీర్షికల్లో ఎక్కువగా మఖ్తల్ అన్న మాట ఎందుకు వాడతారో అప్పుడే చూపించారు. అది ఫలానావారి హత్య, ఫలానావారి మరణం అని చెప్పే నామవాచకం, అనుమానానికి చోటు ఉండదు. ఇరాక్ యుద్ధం రోజుల్లో ఆ మాట మొదటి పుటలో కనబడని రోజు లేదు.

చదవడం రాకముందు నాకు అర్థమైనవి మహమూద్ కహీల్ కార్టూన్లు. లెబనాన్‌కు చెందిన చిత్రకారుడు. మాటలు చాలా తక్కువ, చాలాసార్లు అసలు ఉండవు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పావురం, అంతే. ఒక రోజు కార్టూను గురించి నేను నా వచ్చీరాని అరబిక్‌లో చెబితే ఉస్తాద్ తల ఊపి, సరే చదివావు అన్నారు. కహీల్ 2003లో లండన్‌లో మరణించారు. ఆయన పేరు మీద బీరూట్‌లో కార్టూన్ పురస్కారం ఇస్తున్నారు.

లండన్ అన్నాను కదా. నన్ను మొదట్లో ఆశ్చర్యపరిచింది అదే. సౌదీ వాళ్లు పెట్టిన అరబిక్ పత్రిక, జెడ్డా మెట్ల మీద తెల్లవారేసరికి పడే పత్రిక, లండన్‌లో తయారవడం ఏమిటి?

దీనికి జవాబు ఉస్తాద్ ముక్కలు ముక్కలుగా చెప్పారు, మిగతాది తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. మదీనాకు చెందిన హాఫిజ్ కుటుంబం పత్రికల కుటుంబం. అలీ హాఫిజ్, ఉస్మాన్ హాఫిజ్ అనే అన్నదమ్ములు 1937లో అల్ మదీనా పత్రిక పెట్టారు. అలీ కొడుకులు హిషామ్, మహమ్మద్ అలీ 1975లో జెడ్డాలో అరబ్ న్యూస్ మొదలుపెట్టారు. ఆ తర్వాత మూడేళ్లకు, 1978 జూలై 4న లండన్ నుంచి అష్‌షర్ఖ్ అల్ అవ్‌సత్ తొలి సంచిక తెచ్చారు. మొదటి సంపాదకుడు జిహాద్ అల్ ఖాజిన్, అంతకుముందు అరబ్ న్యూస్ నడిపినవారే.

ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకుంటే లండన్ ఎందుకో అర్థమవుతుంది. కైరోలో నాసర్ ప్రభుత్వం 1960లో పత్రికలను తన చేతిలోకి తీసుకుంది. అరబ్ పత్రికలకు స్వేచ్ఛగా ఊపిరి తీసుకునే చోటుగా బీరూట్ మిగిలింది. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై ఆ ఊపిరీ ఆగింది. సంపాదకులు, విలేకరులు, కంపోజింగ్ తెలిసినవాళ్లు పారిస్‌కు, లండన్‌కు తరలిపోయారు. 1973 తర్వాత గల్ఫ్ చేతిలో చమురు డబ్బు ఉంది, లండన్‌లో యంత్రాలు ఉన్నాయి, విమానాలు ఉన్నాయి, అచ్చు వేసే ముందు ఎవరి అనుమతీ అడగనక్కరలేని చట్టం ఉంది. ఇల్లు కాలిన పనివాళ్లు, డబ్బున్న యజమానులు, పరాయి ఊరు: ఈ మూడూ కలిసిన చోట పుట్టింది ఈ పత్రిక. పుట్టిన రెండు నెలలకే ఈజిప్టుకూ ఇజ్రాయెల్‌కూ మధ్య క్యాంప్ డేవిడ్ ఒప్పందం. ఈజిప్టు ఒకవైపు, తక్కిన అరబ్బు ప్రభుత్వాల్లో చాలా భాగం మరోవైపు. అందరికీ ఒకే పత్రిక అన్న మాట చెప్పడానికి అంతకంటే కష్టకాలం ఉండదేమో.

ఇక తెల్లవారేసరికి జెడ్డాకు ఎలా వచ్చేది? రాత్రి లండన్‌లో తయారైన పుటను యంత్రం గీత తర్వాత గీతగా చదువుతుంది. ఆ సంకేతం ఉపగ్రహానికి వెళ్లి, ఇక్కడి ముద్రణాలయంలో ఫిల్ము మీద మళ్లీ పుటగా మారుతుంది. ఫిల్ము నుంచి ప్లేటు, ప్లేటు నుంచి కాగితం. అదే పుట అదే రాత్రి కాసాబ్లాంకాలో, కైరోలో, బీరూట్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడా ప్లేటుగా మారుతుంది. అరబిక్ పత్రికల్లో ఈ దారి తొక్కిన తొలి పత్రిక ఇదేనని చెబుతారు. నాకు ఇది తెలిసిన రోజు ఆ కట్ట విప్పుతూ, ఈ క్షణాన ఇంకెక్కడో మొరాకోలో ఎవరో నాలాంటివాడు ఇలాంటి పట్టీనే కోస్తూ ఉంటాడనుకున్నాను.

ఇంటర్నెట్‌లోకి రావడంలోనూ అరబిక్ దినపత్రికల్లో ఇదే ముందు. 1995 సెప్టెంబరులో వెబ్‌సైట్ పెట్టారు. అప్పటికి తెర మీద అరబిక్ అక్షరాలు సరిగ్గా చూపించడం పెద్ద సమస్య. అందుకని పుటలను బొమ్మలుగా పెట్టారు.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన సంగతి.

కొంచెం చదవడం వచ్చాక తేదీల దగ్గర ఆగిపోయేవాణ్ని. పత్రిక తలమీద హిజ్రీ తేదీ, క్రీస్తు శకం తేదీ రెండూ ఉంటాయి. అది అన్ని పత్రికల్లోనూ ఉండేదే. వార్త లోపల మాత్రం నెల పేరు రాసి, పక్కన బ్రాకెట్లో మరో పేరు రాసేవారు. యూల్యూ (తమ్మూజ్). యూన్యూ (హజీరాన్). సెబ్తెంబర్ (ఐలూల్). మొదట ఇవి రెండు వేరు నెలలనుకున్నాను. అడిగితే ఉస్తాద్ టీ గ్లాసు పక్కన పెట్టి వేళ్లు మడుస్తూ చెప్పారు. ఈజిప్టు, సూడాన్, గల్ఫ్ వాళ్లు యూల్యూ అంటారు. సిరియా, లెబనాన్, ఇరాక్, పాలస్తీనా వాళ్లకు అదే నెల తమ్మూజ్. బాబిలోనియా దేవుడి పేరు నుంచి వేల ఏళ్లుగా వస్తున్న మాట అది. ట్యునీషియా, అల్జీరియాలో ఫ్రెంచి నుంచి తెచ్చుకుని జువీలియా అంటారు. మొరాకో వాళ్లది ఇంకో రకం. ఒకే భాష, ఒకే నెల, ఇన్ని పేర్లు.

"ఒక్క పేరే రాస్తే ఎవరో ఒకరు ఇది మా పత్రిక కాదనుకుంటారు. ఆ రెండో పేరుకు పట్టేది అర అంగుళం చోటు. అది డమాస్కస్ వాడికి వేసిన కుర్చీ" అన్నారు ఉస్తాద్.

ఆ మాట విన్నాక బ్రాకెట్లను చూసే చూపే మారింది. పైగా వాటితో మరో మేలు ఉంది. యూన్యూ, యూల్యూ అన్న రెండు పేర్లకూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఒకదానికి చుక్క ఉన్న నూన్, మరోదానికి లామ్. నాలాంటి కొత్తవాడు జూన్‌ను జూలై చేసేస్తాడు. పక్కన హజీరాన్ అని ఉంటే పొరబడడు.

అలాంటి సర్దుబాట్లు వెతికితే ఇంకా దొరుకుతాయి. జీమ్ అక్షరాన్ని కైరో వాళ్లు గ అని పలుకుతారు, తక్కినవాళ్లలో చాలామంది జ అంటారు. అందుకే గూగుల్ పేరును ఈజిప్టు పత్రికలు జీమ్‌తో రాస్తాయి. పచ్చ పత్రిక గైన్ అక్షరంతో రాస్తుంది. చిన్న విషయం. కానీ ఇరవై రెండు దేశాల చదువరుల కోసం రాసే బల్ల దగ్గర ఇలాంటివి రోజూ ఎన్ని తేల్చాలో ఆలోచించండి. పత్రికల్లో రాసేది ఇంట్లో ఎవరూ మాట్లాడని ప్రామాణిక అరబిక్, ఫుస్‌హా. మా దుకాణానికి వచ్చే యెమెనీ మేస్త్రీ మాట ఈజిప్టు డ్రైవరుకు సగమే తెలిసేది. ఇద్దరూ ఆ పుట మీద వంగితే మాత్రం తగాదా వార్త గురించే గాని మాట గురించి కాదు.

తగాదా అంటే గుర్తొచ్చింది. 2004 సెప్టెంబరులో రష్యాలోని బెస్లాన్ బడిలో పిల్లలను బందీలుగా పట్టుకుని, మూడు వందల మందికి పైగా చనిపోయిన ఘోరం జరిగింది. ఆ తర్వాతి రోజే అబ్దుల్ రహ్మాన్ అల్ రాషెద్ ఒక వ్యాసం రాశారు. అంతకు ముందు సంవత్సరం దాకా ఆ పత్రికకు సంపాదకుడు ఆయనే. మన మధ్య నుంచి ఇలాంటివాళ్లు ఎందుకు పుడుతున్నారో మనమే అడగాలి, తప్పు బయట వెతకకూడదు అని చాలా కటువుగా రాశారు. ఉస్తాద్ దాన్ని దుకాణంలో బిగ్గరగా చదివారు. యెమెనీ మేస్త్రీ మధ్యలోనే లేచి, ఇది మనల్ని మనమే అవమానించుకోవడం అన్నాడు. చదవడం ఆపకుండానే ఉస్తాద్ చేత్తో కూర్చోమని సైగ చేశారు. అతను కూర్చోలేదు, వెళ్లనూ లేదు. గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాడు. మర్నాడు వచ్చి పత్రిక కొనుక్కున్నాడు. అంతకుముందు అతను కొనగా నేను చూడలేదు.

అయితే ఆ పత్రిక అన్నీ అడిగిందని చెబితే అబద్ధమవుతుంది. లండన్‌లో కూర్చుని రాసినా యాజమాన్యం సౌదీది. ప్రచురణ సంస్థకు అధ్యక్షులుగా రాజు సల్మాన్ కుమారులు అహ్మద్, ఆ తర్వాత ఫైసల్ ఉండేవారు. డమాస్కస్ తప్పులు, బాగ్దాద్ తప్పులు, టెహ్రాన్ తప్పులు ఆ పుటల్లో చదివినంత వివరంగా రియాద్ తప్పులు నేను ఎప్పుడూ చదవలేదు. ఉస్తాద్‌ను అడిగితే, "ఏ పత్రికలోనైనా రాయని వార్త ఎక్కడుంటుందో తెలిసినవాడే చదువరి. అది తెలుసుకోవాలంటే రెండు పత్రికలు కొను" అన్నారు. ఆయన రెండోది కొనేవారు, అల్ హయాత్.

అల్ హయాత్ గురించి నాలుగు మాటలు రాయకపోతే ఈ కథ సగమే. 1946లో బీరూట్‌లో కామిల్ మ్రువ్వె స్థాపించారు. అరబిక్ అక్షరానికి మాటలో చోటును బట్టి రూపం మారుతుంది. దానివల్ల కంపోజింగ్ యంత్రంలో అక్షరాల అచ్చుముక్కలు లెక్కకు మించి ఉండేవి. ఆ రూపాలను తగ్గించడానికి మ్రువ్వె లైనోటైప్ కంపెనీతో కలిసి పనిచేశారు. కంప్యూటర్లలో సింప్లిఫైడ్ అరబిక్ అనే ఫాంటు కనిపిస్తుందే, ఆ ఆలోచన అక్కడిదే. 1966లో ఆయనను ఆయన కార్యాలయంలోనే కాల్చి చంపారు. యుద్ధంలో పత్రిక మూతపడి, 1988లో లండన్‌లో మళ్లీ లేచింది. సంపాదకుడు ఎవరనుకుంటున్నారు? పచ్చ పత్రిక తొలి సంపాదకుడైన జిహాద్ అల్ ఖాజిన్. ఇప్పుడు అది లేదు. 2018లో లండన్, బీరూట్ కార్యాలయాలు మూసేశారు, ఆ తర్వాత మొత్తానికే ఆగిపోయింది. దాని సంపాదకుడిగా ఉన్న గస్సాన్ షర్బెల్ 2016లో పచ్చ పత్రిక సంపాదకత్వానికి వచ్చారు.

ఆ 2016 పచ్చ పత్రికకు చెడ్డ సంవత్సరం. ఏప్రిల్ 1న లెబనాన్ జెండా మీద ఒక కార్టూన్ వేసి, ఆ దేశమే ఏప్రిల్ ఫూల్ అబద్ధమన్నట్టుగా చూపించారు. కొందరు యువకులు బీరూట్ కార్యాలయంలోకి చొరబడి సామాను చిందరవందర చేశారు. నవంబరులో ఇంకా ఘోరం. ఇరాక్‌లో షియాల పుణ్యక్షేత్రమైన కర్బలా యాత్రికులను, స్త్రీలను అవమానించే ఒక వార్తను ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టుగా వేశారు. అలాంటి మాట మేము చెప్పలేదని ఆ సంస్థ ఖండించింది. పత్రిక క్షమాపణ చెప్పాలని ఇరాక్ ప్రధాని అడిగారు. వార్తను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. నాకు నిజంగా బాధ కలిగింది. వాక్యం మొత్తం చూడకుండా ఎవరి మీదా నేరం వేయకు అని నాకు నేర్పింది ఆ పుటల మీదనే కదా. డమాస్కస్ వాడికి కుర్చీ వేసిన పత్రిక కర్బలా ఆడవాళ్లను గుమ్మంలో అవమానించింది. అప్పటికి ఉస్తాద్ సూడాన్ వెళ్లిపోయారు. ఉంటే ఆ రోజు పత్రిక కొనేవారు కాదని నా నమ్మకం.

ఒక సొంత సంగతి కూడా రాయాలి. మా బఖాలాలో నాతో పనిచేసే మలయాళీ పెద్దాయన ఉండేవారు, ఇక్కా అని పిలిచేవాణ్ని. పచ్చ పత్రికను ప్రచురించే సంస్థే 1994లో జెడ్డా నుంచి ఉర్దూ న్యూస్ తెచ్చింది. 1999లో మలయాళం న్యూస్ తెచ్చింది. మలయాళం న్యూస్ కట్ట మొదటిసారి మెట్ల మీద పడిన రోజు ఇక్కా దాన్ని నన్ను కోయనివ్వలేదు. తనే చాకు తీసుకుని, పట్టీ నెమ్మదిగా తెంపి, పై కాపీ తీసి ముఖానికి ఆనించుకున్నారు. సిరా వాసన కోసం. ఆ తర్వాత రెండు గంటలు ఆయన ఎవరికీ సరుకు ఇవ్వలేదు, నేనే చూసుకున్నాను. గల్ఫ్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, ఆ స్టాండులో మన అక్షరం ఎప్పుడైనా కనిపిస్తుందా అని చాలా ఏళ్లు ఎదురుచూశాను. రాలేదు. ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది. బహుశా అందుకే ఆ పచ్చ కాగితాన్ని నాది చేసుకున్నాను.

నేను ఇప్పుడు బఖాలాలో లేను. ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు రాస్తాను, అరబిక్‌లోనే. ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎక్కడ చదివావని అడిగితే, స్టూలు మీద అని చెప్పాను. వాళ్లకు అర్థం కాలేదు, ఒక ఇన్‌వాయిస్ ఇచ్చి చదవమన్నారు, చదివాను.

పత్రికను ఇప్పుడు ఫోనులో చూస్తాను. ఆంగ్లం, ఉర్దూ, ఫార్సీ, తుర్కీ భాషల్లో కూడా వెబ్‌సైట్లు ఉన్నాయి. అరబిక్‌దే తెరుస్తాను. తెర మీద ఆ కాగితపు పచ్చదనం ఉండదు, వేలికి సిరా అంటదు. అందులో రాసే లెబనాన్ వ్యాసకర్త సమీర్ అతల్లా వ్యాసం ఉందా అని చూస్తాను. తర్వాత ఏదో ఒక వార్త తెరిచి తేదీ దాకా జరుపుతాను. నిన్న తెరిచిన వార్త లెబనాన్ గురించి. మూడో పేరాలో నెల పేరు వచ్చింది. పక్కన బ్రాకెట్లో రెండో పేరు ఉంది.